పెళ్లికొడుకు నా ట్యాంకరులో దాక్కున్నాడు

ఫిబ్రవరిలో దిగాం. గోలన్ పీఠభూమి, సిరియా వైపు. మోకాలి దాకా మంచు, చెవులు కోసే గాలి. నేలంతా నల్లరాయి. మన పిడుగురాళ్ల రాయి తెల్లన, అక్కడిది కాటుక నలుపు. తల మీద నీలం హెల్మెట్, ఒంటి మీద పది కిలోల కవచం, చేతిలో తెల్లరంగు వేసిన నీళ్ల ట్యాంకరు. రెండు సైన్యాల మధ్య సన్నటి పట్టీ ఒకటుంది. అక్కడ ఎవరూ కాల్చుకోకుండా కాపలా కాసే శాంతి దళానికి నీళ్లూ రేషనూ మోయడం మా డ్యూటీ. పర్చూరు మిరపచేలల్లో పుట్టిన హవల్దారుని, అంత చలి నా జన్మలో చూడలేదు.

ఇప్పుడు ఇక్కడ గుంటూరులో టీ కొట్టు దగ్గర అందరూ అడిగేది ఒకటే, ఎంతమందిని కాల్చావని. ఒక్కణ్ణీ కాల్చలేదు. ఒక పెళ్లి ఆగిపోకుండా చూశాను. ఆ మాటకి నవ్వుతారు. నవ్వండి, కానీ మొత్తం విని నవ్వండి.

బండిలో నా పక్కన కూర్చునేవాడు మా దుబాసీ. ముప్పై ఏళ్లుంటాయి, ఆ పట్టీలోని పల్లెవాడే. అరబ్బీ బాగా వచ్చుగానీ అది వాడి ఇంటి భాష కాదు. వాళ్లని బయటివాళ్లు సర్కాసియన్లంటారు. వాళ్లు మాత్రం అదిగేలమని చెప్పుకుంటారు. వాళ్ల సొంతగడ్డ నల్లసముద్రం పైనున్న కాకసస్ కొండలు. నూట యాభై ఏళ్ల కిందటి మాట, రష్యా చక్రవర్తి సైన్యం ఊళ్లు తగలబెట్టి వాళ్లని ఒడ్డుకి తరిమింది. పడవల్లో కుక్కి పంపేశారు. దారిలో ఆకలికీ జబ్బుకీ పోయినవాళ్లని నీళ్లలోకి విసిరేశారు. మిగిలినవాళ్లకి తుర్కీ సుల్తాను ఈ రాళ్లనేల చూపించాడు. రాళ్లేరి ఇళ్లు కట్టుకున్నారు. పంతొమ్మిదివందల అరవై ఏడు యుద్ధంలో మళ్లీ చెల్లాచెదురయ్యారు. తిరిగొచ్చి కట్టుకున్నారు. మొన్నటి అంతర్యుద్ధంలో మూడోసారి ఇళ్ల కప్పులు లేచిపోయాయి.

ఒకరోజు మా మెస్‌లో చేపల పులుసు చేశాను. వాడు ఉత్తి రొట్టె తిని లేచాడు. ఏమిట్రా అంటే, మా నాయనమ్మ చేప ముట్టదు, ఆ చేపలు మనవాళ్లని తిన్నాయంటుంది, అందుకే మా ఇంట్లో ఎవరమూ తినం అన్నాడు. చీరాల చేపలు తిని పెరిగినవాణ్ణి నేను. ఆ పూట నేనూ ఉత్తి రొట్టే తిన్నాను. అప్పట్నుంచీ వాడికి నేను బావని, నాకు వాడు బావ. ఆ మాట నేనే నేర్పాను.

సెప్టెంబరులో వాడి పెళ్లి కుదిరింది. పిల్లది వాడి ఊరే, యుద్ధంలో డమాస్కస్ పారిపోయిన కుటుంబం. అక్కడ హాలు తీసుకుందామన్నారు పెద్దలు. ఆ అమ్మాయి ససేమిరా అంది. మా ఊరి వాకిట్లో ఆట ఆడకపోతే ఈ పెళ్లే వద్దని తేల్చి చెప్పేసింది. నిఖా మసీదులో అయిపోతుంది. కానీ నలుగురూ చుట్టూ నిలబడి, మధ్యలో జంటలు పాటకి అడుగులేస్తూ ఆడితేనే వాళ్లకి పెళ్లి జరిగినట్టు.

చిక్కంతా తుపాకులతో వచ్చింది. ఆట ఊపులో గాల్లోకి కాల్చడం వాళ్ల ఆనవాయితీ. ఎదురు కొండ మీదేమో ఇంకో సైన్యం కాచుకుని ఉంది. రెండు వైపులకీ ముందే కబురు పెడతాను, ఒక్క తూటా పేలినా పెళ్లి ఆపించేస్తాను అన్నారు మా మేజర్ సాబ్. ఆట నడిపించే పెద్దాయన ఊళ్లో తుపాకులన్నీ తన చేత్తో గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

పెళ్లికి నీళ్లు తీసుకెళ్లే పని నాకు పడింది. ట్యాంకరు ఆపానో లేదో, మా బావ క్యాబిన్ తలుపు తీసుకుని లోపలికి దూరాడు. పెళ్లికొడుకు తన పెళ్లిలో కనబడకూడదట. పెద్దల ముందు సంతోషం ఒలకబోసుకోవడం అమర్యాదట. ఆట అయ్యేదాకా స్నేహితుడి ఇంట్లో దాక్కోవాలట. ఊళ్లో కప్పున్న ఇళ్లు నాలుగైదే, అవి చుట్టాలతో నిండిపోయాయి.

"నువ్వే నా స్నేహితుడివి బావా. నీ ఇల్లు ఇదేగా," అన్నాడు. సీటు కింద కాళ్లు ముడుచుకుని పడుకుని, నా కంబళి మొహం మీదికి లాక్కున్నాడు. నాకు నవ్వాగలేదు.

ఒకామె హార్మోనియంలాంటి అకార్డియన్ అందుకుంది. మగవాళ్లు నిటారుగా, ఆడపిల్లలు నేల మీద జారుతున్నట్టుగా ఆడారు. చెయ్యికి చెయ్యి తగలదు. కూలిన ఇంటి కప్పులోంచి తీసిన పొడుగాటి చెక్కని నేల మీద పరిచి, దాని వెనక పదిమంది వరసగా కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ కర్రలు. ఒక్కసారిగా దబదబా వాయించారు. సైనికుణ్ణి, నేనే చటుక్కున వంగిపోయాను.

వెంటనే రేడియో మోగింది. ఇటువైపు గుట్ట మీది మా పోస్టులో ఆపరేటర్ ఒంగోలువాడు. రేడియోలో హిందీ మాట్లాడాలన్న సంగతే మర్చిపోయాడు.

"అన్నా, తుపాకులు పేలుతున్నాయ్. ఎక్కడున్నావ్?"

"తుపాకులు కావురా. చెక్కలు."

"చెక్కలేంటన్నా? అటువైపు వాళ్లు బంకర్లలోకి దిగుతున్నారు!"

అంతలో మేజర్ సాబ్ అందుకున్నారు. ఏదైనా సరే, వెంటనే ఆపించు అన్నారు. నేను కిందికి చూశాను. కంబళి కదిలింది.

"తుపాకులు మానెయ్యమంటే మానేశాం," అన్నాడు బావ. "మా ఇంటి కప్పు చెక్క మేం కొట్టుకోవడానిక్కూడా ఎవరో ఒప్పుకోవాలా?"

నాకు ఒళ్లు మండింది. వాడి మీద కాదు. నూట యాభై ఏళ్లుగా వీళ్లని లేవండి లేవండి అంటూనే ఉన్నారు, ఇవాళ ఆ మాట నా నోటితో చెప్పించాలా? రేడియో మైకు అందుకుని మీట నొక్కి, చెయ్యి కిటికీ బయటికి చాచి అలాగే పట్టుకున్నాను. చెక్క మోత, అకార్డియన్, పిల్లల కేకలు, అన్నీ పోస్టుకి వెళ్లాయి.

"విన్నారా సాబ్? ఒక్క తుపాకీ లేదు. ఉంటే నా భుజం మీది మూడు పట్టీలూ తీసేసుకోండి. వీళ్లని ఆపమని నేను చెప్పలేను."

జవాబు కోసం ఆగలేదు. నేను ఇంజను వేశాను. ట్యాంకరుని తీసుకెళ్లి ఆటకీ ఎదురు కొండకీ నడుమ అడ్డంగా నిలబెట్టి, లైట్లన్నీ వెలిగించాను. కాలిస్తే ముందు ఆ తెల్లబండికి తగలాలి. భయం వేసింది, లేదంటే అబద్ధం. వెనక మోత ఒక్క దెబ్బయినా తగ్గలేదు. పెద్దాయన నన్ను చూసి, చెయ్యెత్తి ఇంకా గట్టిగా కొట్టమన్నాడు.

చాలాసేపటికి రేడియో పలికింది. "వాళ్లకి చెప్పాను. చెక్కలేనని నమ్మారు. ఆట కానివ్వు. నువ్వు రేపు నా ముందు హాజరవ్వు." పొద్దు వాలేదాకా ఆడారు. మర్నాడు చీవాట్లు తిన్నాను. పట్టీలు మిగిలాయి.

ఆ మరుసటి మార్చిలో తిరిగొచ్చేశాను. పటాలం నుంచి రిటైరై ఇప్పుడు గుంటూరులో మిర్చి లారీ నడుపుతున్నాను. ఈ కథ విన్నవాళ్లు, అన్నిసార్లు కూలిన ఊరు వదిలేసి సుఖంగా ఇంకెక్కడికైనా పోవచ్చుగా అంటారు. మీ ఊరు వదిలేసి మీరు పోండి ముందు, అంటాను.

ఆ రోజు బండి అడ్డం పెట్టి కొండవైపు చూస్తూ కూర్చున్నప్పుడు నా కాళ్ల దగ్గర ఏదో చప్పుడైంది. వంగి చూశాను. మొహం నిండా కంబళి, తన పెళ్లి తను చూడని పెళ్లికొడుకు. బూట్ల మడమలు రెండూ బయటి చెక్క మోతకి తగ్గట్టు నా ట్యాంకరు నేలని వాయిస్తున్నాయి.