ఎండలో నాటిన హైడ్రేంజియా

పెళ్లైన కొత్తలో ఎమ్మిగనూరులోని అత్తగారింటికి బెంగళూరు నుంచి హైడ్రేంజియా అనే నీడ మొక్కను కుండీతో సహా తెచ్చుకున్నాను. హాల్లో గుత్తులు గుత్తులుగా నీలంగా పూసింది. మా ఆయన ఉద్యోగం ఆదోనిలో. అక్కడే వేరు కాపురం పెడతామని ఒకరోజు అత్తతో అన్నాను. మర్నాడు ఆమె మిట్టమధ్యాహ్నం, మాడ్చేసే ఏప్రిల్ ఎండలో, పెరట్లో నాతోనే గుంత తవ్వించి ఆ మొక్కను నాటించింది.

"చచ్చిపోతుందత్తా" అని బతిమాలినా వినలేదు.

సాయంత్రానికి పూలన్నీ వేలాడిపోయాయి. నా చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్లింది.

"సూసినావా? ఇల్లు దాటినాక ఒక్క పూటన్నా నిలబడిందా?" అని నవ్వింది.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ఆ ఎండు పుల్లలు చూపించి, "మా కోడలే నాటింది" అని చెప్పేది.

ఆ నవ్వు నేను మరిచిపోలేదు. ఆదోనిలో మా పెరట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఎండ బాగానే కాస్తోంది. నేనూ బాగానే ఉన్నాను.