బతికున్న మనిషి మీద తీసిన శోకం

బిడ్డా, నువ్వు పాడిన పాటను మీ అమ్మ నాకు ఫోన్లో పంపింది. భీవండిలో మీ చాళ్ వరుస ఇళ్ల ముందు వాకిట్లో బతుకమ్మ ఆడడం అయ్యాక, అందరూ కూర్చుని నిన్ను పాడమన్నట్టున్నారు. నీ చెల్లెలు చేయి కదలకుండా వీడియో తీసింది. ముందు వరుసలో ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకోవడం కూడా కనపడింది.

ఎట్లా ఉందని అడిగావు. బాగుంది. ఊపిరి ఎక్కడ ఆపాలో అక్కడే ఆపావు. ఆ పాట కట్టిన మీ చిన్నమ్మమ్మ కూడా అక్కడే ఆపేది. కానీ అది చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆ పాటలో చచ్చిపోయిన మనిషి, మీ చిన్న తాత, ఇప్పుడు నా ఎదురుగా వాకిట్లో కూర్చుని మంచం నులక బిగిస్తున్నాడు. ఆ సంగతి నీకు తెలుసు. పాటే కదా అనుకుని ఉంటావు. అక్కడ ఏడ్చినవాళ్లకు మాత్రం తెలియదు. అందుకే ఇదంతా చెబుతున్నాను. విన్నాక నువ్వు నాకు ఒక పని చేసిపెట్టాలి.

మీ చిన్నమ్మమ్మకు, అంటే నా చెల్లెలికి, చిన్నప్పటి నుంచీ ఏదీ దాచుకోవడం రాదు. మాటల్లో అడిగితే నేల చూపులు చూసేది. పాటలో మాత్రం అన్నీ చెప్పేసేది. ఒకసారి ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండి వెనక పరుగెత్తి, గడ లాగబోయి పెదవి కోసుకుని వచ్చింది. మా అవ్వ, మమ్మల్ని కన్నతల్లి, ఎంత అడిగినా నోరు విప్పలేదు. తర్వాత అవ్వ పక్కన కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తూ, గడ ఎట్లా లాగిందో, బండివాడు ఏమని తిట్టాడో, రక్తం ఉప్పూ చెరుకు తీపీ నోట్లో ఎట్లా కలిశాయో రాగం తీసి చెప్పింది. అవ్వ ఒళ్లోని చాట పక్కన పెట్టి, కొట్టాలో నవ్వాలో తెలియక దాని మొహం చూస్తూ ఉండిపోయింది.

మా ఇద్దరినీ బోధన్ దాటాక చెరుకు తోటల మధ్య ఉన్న ఈ ఊరికే ఇచ్చారు. మా రెండు ఇళ్లకూ ఒకటే గోడ. మధ్యాహ్నం ఆడవాళ్లమంతా ఈ వాకిట్లో చేరి బీడీలు చుట్టేవాళ్లం. అక్కడా చెల్లెలిది అదే పని. అత్త అన్న మాట, మొగుడు దుబాయికి పోతూ వెనక్కి తిరిగి చూడకపోవడం, తంబాకు వాసన చేతులతో ఎత్తుకుంటే బిడ్డ మొహం తిప్పుకోవడం, అన్నీ పాటలే. పక్కింటి ఆమె చాట వెనక మొహం దాచుకుని అనేది.

“మెల్లగ మాట్లాడుండ్రే. గిది ఇన్నదంటే రేపు పాటలకెక్కుతం.”

“నువ్వెక్కవు తియ్యి వదినా,” అనేది నా చెల్లెలు. “నీ కథల ఏమున్నది? తినుడు, పండుడు.”

మా అవ్వ పోయినప్పుడు శవం దగ్గర శోకం తీయడం దాని వంతు వచ్చింది. మన దగ్గర చచ్చిపోయినవాళ్ల బతుకంతా రాగంలో చెప్పి ఏడవాలి. అందరూ అవ్వ మంచితనం చెప్పి ఏడ్చారు. ఇది మాత్రం, ఆఖరిసారి అవ్వ ఫోన్ చేస్తే, బీడీ ఆకు తడిపి పెట్టానని, మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేసిన సంగతి చెప్పి ఏడ్చింది. మళ్లీ చేయలేదని కూడా చెప్పింది. ఏడుస్తున్నవాళ్లు ఏడుపు ఆపి విన్నారు. నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర ఒక సందులో పాటలు రికార్డు చేసే అతను ఆ రోజు చుట్టరికం మీద వచ్చి, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కర్మలయ్యాక మళ్లీ వచ్చాడు.

“అక్కా, నాకాడికి వచ్చేటోళ్లందరు ఎవలో రాసిచ్చింది పాడుతుండ్రు. నీ లెక్క సొంత ముచ్చట జెప్పేటోళ్లు లేరు. ఒక్కసారి వచ్చి పాడు.”

అట్లా మొదలైంది. తన బతుకే రాసుకుంది, తన బతుకే పాడింది. ఫోన్లలో పాటలు తిరిగాయి. మాక్లూర్‌లో, ముప్కాల్‌లో, ఎక్కడ జాతర అయినా స్టేజీ ఎక్కించారు. అత్తతో పోట్లాట మీద పాట వచ్చినప్పుడు ఇంట్లో ఇక మంటే అనుకున్నాను. ఆ ముసలమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని పాటంతా విని, “నా తిట్లన్ని ఏసినవ్ గాని, ఒక్క మంచి మాటన్న ఎయ్యకపోతివి,” అంది. ఆ మరుసటి అంగడి రోజు కూరగాయల దగ్గర, “గా పాటల అత్తను నేనే,” అని చెప్పుకుంటుంటే నా చెవులతో విన్నాను.

జనం చెల్లెలి పాటల్లో నమ్మింది ఒక్కటే. అది అబద్ధం చెప్పదు. ఈ మాట మనసులో పెట్టుకో.

మరిది, అంటే మీ చిన్న తాత, సెలవు మీద వచ్చి, తిరిగి దుబాయికి పోవడానికి ముందు రోజు జరిగింది ఇది. డాబా మీద ఆరబెట్టిన బట్టలు తీస్తుంటే కాకి వచ్చి నెత్తి మీద తన్నింది. గోళ్లు గీరుకుని నుదుటి మీద సన్నగా రక్తం వచ్చింది. చెల్లెలి అత్త పసుపు తేవడానికి లోపలికి ఉరికింది.

మీకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. కాకి తన్నిన మనిషి చచ్చిపోయాడని చుట్టాలకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నిజమని నమ్మి ఏడవాలి. ఆ ఏడుపుతో కీడు పోతుంది. పొద్దు గూకకముందే, లేదు, బతికే ఉన్నాడని మళ్లీ కబురు చేయాలి. చేయకపోతే ఆ ఏడుపు ఎక్కడికి పోవాలో తెలియక ఆ మనిషి చుట్టే తిరుగుతుందని మా అవ్వ అనేది.

“కబురు పంపుదం కొడుకా,” అంది అత్త.

మరిది నవ్వాడు. “రేపు విమానం ఎక్కేటోన్ని ఇయ్యాల సచ్చిన్నని జెప్తరా? యమునికి గూడ పాస్‌పోర్టు సూపియ్యాల్నా ఏంది?”

చెల్లెలు బతిమాలింది. వినలేదు. నుదుటి మీద పసుపు అద్దుకుని పోయాడు.

కొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి. తర్వాత తగ్గాయి. కంపెనీ మూతపడిందని, పనివాళ్లను వేరే క్యాంపులకు పంచారని ఊళ్లోకి మాట వచ్చింది. తర్వాత మరిది ఫోన్ అసలే కలవలేదు. అతనితో పోయిన పిల్లలకు చేస్తే వాళ్లూ తెలియదన్నారు. అత్త రోజూ డాబా మీదికి చూసి, కాకులను రాళ్లతో కొట్టేది.

ఒక పొద్దున చెల్లెలు తయారై వచ్చి, నిజామాబాద్ పోదాం రమ్మంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. జానకంపేట దాటాక అంది.

“అక్కా, ఇయ్యాల ఆయన మీద శోకం దీస్త.”

“థూ, నోరు మూసుకో. బతికున్న మనిషి మీద శోకం దీస్తరా ఎక్కడన్న?”

“కాకి తన్నినప్పుడు ఎవలేడ్సిండ్రు? ఎవలు ఏడ్వలే. గందుకే గిట్లైంది.”

“గట్లైతే చుట్టాలకు కబురు పంపు.”

“చుట్టాలు నమ్ముతరా ఇప్పుడు? ఫోన్ జేసి అడుగుతరు, ఎట్ల, ఎప్పుడు, శవమేది అని. నా పాటైతే నమ్ముతరు. గిన్ని నిజాలు పాడిన గద. గీ ఒక్క అబద్ధం నమ్మరా?”

దాని మొహంలో ఏడుపు లేదు. అది చూసే నాకు భయం వేసింది.

ఆ చిన్న గదిలో తలుపులు మూసి పాడింది. నువ్వు పాడిందే అది.

“అద్దం కాడ నీ దువ్వెన ఉన్నది,
దువ్వెనల నీ ఎంటిక ఉన్నది,
నువ్వేడున్నవురో నా దొరా...”

రికార్డు చేసే అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. పాట అయ్యాక చెల్లెలు ఊపిరి తీసుకుని, మామూలు గొంతుతో ఇంకో మాట చెప్పింది. “ఏడ్సినోళ్లంత కండ్లు తుడుసుకోండ్రి. నా మొగడు బతికే ఉన్నడు.” ఆ మాట పాట చివర్న ఉండాలని మరీ మరీ చెప్పి వచ్చాం.

పాట బయటికి వచ్చాక చూస్తే ఆ మాట లేదు. ఫోన్ చేస్తే అతను అన్నాడు, “అక్కా, గది వెడితే పాట సచ్చిపోతది.” తర్వాత పెడతానన్నాడు. అప్పటికే ఊరూరా పాకింది. దాన్ని ఎవరెవరు ఎక్కడెక్కడ తీసుకుని పెట్టుకున్నారో, ఇక ఎవరి చేతిలోనూ లేదు.

పక్క ఊళ్ల నుంచి ఆడవాళ్లు పలకరించడానికి వచ్చారు. చెల్లెలి కాళ్లకు మెట్టెలు, నుదుట బొట్టు చూసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అత్త లేచి, “నా కొడుకు సల్లగున్నడు. మీరు ఏడ్సింది సాలు. చాయ్ తాగి పోండ్రి,” అంది. వాళ్లు చాయ్ తాగారు కానీ నమ్మలేదు. కొడుకు పోయి పాపం ముసలామెకు మతి తప్పిందని వాకిలి దాటుతూనే అనుకున్నారు.

ఆ వారమే మరిది ఫోన్ వచ్చింది. కొత్త నంబరు. ఫోన్ పోయిందట, వేరే క్యాంపులో పడేశారట. బతికే ఉన్నాడు. అత్త ఇల్లిల్లూ తిరిగి బెల్లం పంచింది. నేనూ బెల్లం తిన్నాను. తింటూనే నాకు అవ్వ మాట గుర్తొచ్చింది. మొదటి కబురు పోయింది. రెండోది పోలేదు.

చెల్లెలికీ అదే భయం. ఆ తర్వాత ఎక్కడ స్టేజీ ఎక్కినా ముందుగా, “మా ఆయన బతికే ఉన్నడు,” అని చెప్పేది. జనానికి నచ్చేది కాదు. “గట్లైతే మమ్ములెందుకు ఏడిపిచ్చినవ్?” అని ముప్కాల్‌లో ఒకతను అరిచాడు. అయినా చెప్పింది.

మాక్లూర్‌లో మాత్రం ఆగిపోయింది. పాట అయ్యి కిందికి దిగుతుంటే, మెట్ల దగ్గర ఒక ఆమె దాని చేయి పట్టుకుంది. నా వయసుకు కొంచెం తక్కువ ఉంటుంది. బొట్టు లేదు.

“అక్కా, నువ్వు పైన జెప్పిన మాట ఇంకెక్కడ చెప్పకు,” అంది. “నా మొగడు గా దేశంలనే పోయిండు. శవం గూడ రాలె. ఏడ్వనీకి నాకు ఏం లేకుండె. నీ పాట మీదనే ఏడ్సిన. గది అబద్ధమని నాకు జెప్పకు.”

చెల్లెలు చేయి విడిపించుకోలేదు. ఆమే విడిచేదాకా అట్లాగే నిలబడింది. ఇంటికి వచ్చాక మళ్లీ స్టేజీ ఎక్కలేదు. బతికి ఉన్నాడని చెబితే ఆమె మొగుణ్ని మళ్లీ చంపినట్టు, చెప్పకపోతే తన మొగుడి చుట్టూ ఆ ఏడుపు తిరుగుతున్నట్టు. పాటలు కట్టడం కూడా మానేసింది. ఇప్పుడు మాటల్లో అడిగినా, ఎట్లా అడిగినా నేల చూపులే.

చెరుకు కొట్టే రోజుల్లో మరిది వచ్చేశాడు. మొదట్లో పాట వినపడితే, “ఇగో, నేను మళ్ల సచ్చిన,” అని నవ్వేవాడు. మన దగ్గరి ఫ్యాక్టరీ మూతపడి సైరన్ ఎప్పుడో ఆగిపోయింది కదా, చెరుకు ట్రాక్టర్లు దూరం పోతాయి. డ్రైవర్లు పెద్దగా పాటలు పెట్టుకుని ఈ ఇంటి ముందు నుంచే పోతారు. అందులో ఈ పాట ఉంటుంది. రానురాను నవ్వడం మానేశాడు. అద్దం దగ్గరి దువ్వెన చేతిలోకి తీసుకుని, చూసి, అక్కడే పెట్టేశాడు. వేరేది కొనుక్కున్నాడు. ఇప్పుడు అన్నం సగం వదిలేస్తున్నాడు. మనిషి నీడలా తేలికైపోతున్నాడు. కంఠేశ్వర్‌లో ఆస్పత్రికి తీసుకుపోయాం. రక్తం చూశారు, ఛాతీ ఫొటో తీశారు. ఏమీ లేదు, బలానికి మందులు రాశామన్నారు.

మొన్న నువ్వు పాడింది నేను ఫోన్లో చూస్తుంటే వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు. ముందు వరుస ఆడవాళ్లను చూశాడు.

“వదినా, గీళ్లేడోళ్లు?”

“భీవండోళ్లు. మన పిల్ల పాడింది.”

“గంత దూరం పోయిందా,” అన్నాడు. మెల్లగా అడిగాడు. “ఇంకెంతమంది ఏడ్వాలె?”

నేను ఫోన్ ఆపి పక్కన పెట్టేశాను బిడ్డా. ఇవన్నీ నమ్ముతున్నానా అంటే చెప్పలేను. ఎండలో ఎడారిలో పని చేసి వచ్చిన మనిషి చిక్కిపోవడానికి కాకి అక్కర్లేదు. అయినా నీతో చేయించుకోవాల్సిన పని ఇదే. నీ ముందు ఏడ్చినవాళ్ల ఇళ్లకు పో. దీపాలు పెట్టకముందే పో. ఆ పాటలో మనిషి బతికే ఉన్నాడని చెప్పు. నమ్మకపోతే, ఈ పొద్దున జొన్నరొట్టె పాలలో నానబెట్టుకుని తిన్నాడని చెప్పు. నులక సరిగ్గా పట్టుకోలేదని నన్ను కోప్పడ్డాడని చెప్పు. వాళ్లు నవ్వేదాకా అక్కడే ఉండు.

వాళ్లలో మాక్లూర్ ఆమె లాంటిది ఎవరైనా ఉంటే, మొహం చూస్తేనే నీకు తెలుస్తుంది. ఆమెకు మాత్రం ఏమీ చెప్పకు. కాసేపు పక్కన కూర్చుని వచ్చెయ్.

రోడ్డు మలుపులో ట్రాక్టర్ చప్పుడు వినపడుతోంది. మీ చిన్నమ్మమ్మ లేచి గేటు దాకా పోయి, ఏ పాట పెట్టాడో అని చెవి పెట్టి వింటోంది. మీ చిన్న తాత నులక లాగడం ఆపేశాడు. ఈ పూటే పో బిడ్డా.