పడవల లెక్కలు చెప్పి ఓడలు కట్టిన దేవదానం సార్

మంగళవారం పొద్దున ఒక తలుపు చెక్కకు చిత్రిక పడుతుండగా దేవదానం సార్ భార్య కరుణమ్మ గారి నుంచి ఫోన్ వచ్చింది. "ఆచారీ, సార్ పోయినారప్పా" అన్న ఒక్క మాట చెప్పి ఆ తల్లి ఏడ్చేసింది. ముందురోజు సాయంత్రమే కర్నూలు ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని గంటసేపు మాట్లాడి వచ్చాను. ఎలా నమ్మను? పత్తికొండ ఉన్నత పాఠశాలలో మూడు దశాబ్దాలు గణితం బోధించిన ఆచార్యుడు, విశ్రాంత జీవితంలో కర్నూలు ఇంటి వసారాలో తెరచాప ఓడల నమూనాలు నిర్మించిన శిల్పి, చివరి శ్వాస దాకా విద్యార్థిగా బతికిన మహనీయుడు, మా దేవదానం సార్ ఇక లేరు. వడ్రంగివాడు పెద్ద మాటలు వాడుతున్నాడని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. నడివయసులో నా చేత మళ్లీ పుస్తకం పట్టించింది ఆయనే. ఆ మాటలు ఆయనకు కాక ఇంకెవరికి వాడాలి?

నా పేరు నాగరాజాచారి. కర్నూలు పాతపేటలో వడ్రంగి దుకాణం నాది. పుట్టింది పత్తికొండ దగ్గర. పదో తరగతిలో దేవదానం సార్ శిష్యుణ్ని. ఆయన అప్పట్లో నిప్పు. ఒకరోజు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, లెక్క చేయలేక నిలబడిపోతే, తరగతి మొత్తం వినేలా అన్నారు: "నీకు లెక్కలు రావురా. ఈ జన్మకు రావు. పోయి మీ నాయన రంపం పట్టుకో." పట్టుకున్నాను. ఆ ఏడు లెక్కల్లో తప్పాను, బడి మానేశాను. పనిలో మంచి పేరే వచ్చింది. అయినా ఆ మాట అరచేతిలో దిగిన పేడులా ఏళ్ల తరబడి సలుపుతూనే ఉండింది.

ఆరేళ్ల కిందట ఆయనే నా దుకాణం మెట్లెక్కారు. నన్ను గుర్తుపట్టలేదు. సంచిలోంచి పాత పుస్తకాల బండి మీద కొన్న ఓడల బొమ్మల పుస్తకం, విరిగిన టేకు పట్టీలు రెండు తీసి నా ముందు పెట్టారు. "ఓడ కడతాండానప్పా. పట్టీలు వంచితే పుటుక్కున విరుగుతాండాయి. నాకు చెక్కపని నేర్పిస్తావా?" అన్నారు. తాగేందుకు నీళ్లు లేని సీమలో ఈ పెద్దాయనకు ఓడ పిచ్చేమిటని నవ్వు వచ్చింది. అదే అడిగాను. ఆయన కూడా నవ్వారు. "ముప్పై ఏండ్లు పడవల లెక్కలు చెప్పినా. వాలున పోయే పడవ, ఎదురు పోయే పడవ. ఒక్క పడవైనా ఈ చేతుల్తో చేయకుండా పోతే ఎట్లప్పా?"

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా పనిలో చేరినవాడు మొదట ఉలికి పదును పెట్టడం నేర్వాలి. మామూలుగా నాలుగైదు రోజులు చాలు. నేను కక్షకొద్దీ ఆయన్ను పన్నెండు రోజులు నేల మీద కూర్చోబెట్టి సానరాయి మీద ఉలి నూరించాను. మోకాళ్ల నొప్పులున్న మనిషి. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు, ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదు. పదమూడో రోజు చెక్క ఇస్తే ఉలి జారి బొటనవేలు కోసుకున్నారు. గుడ్డ చుడుతూ, ఇన్నేళ్లు దాచుకున్న మాట అప్పగించేశాను: "మీకు ఈ పని రాదు సార్. ఈ జన్మకు రాదు. పోయి లెక్కలు చెప్పుకోండి."

ఆయనకు కోపం రాలేదు. "రాదనే కదప్పా నీ కాడికి వచ్చినా. వచ్చేదాకా చెప్పు" అన్నారు.

అంతే, నా కక్ష నీరుగారిపోయింది. నేనెవరో, పదో తరగతిలో ఆయన ఏమన్నారో చెప్పేశాను. తాను అట్లా అనలేదని బుకాయిస్తారనుకున్నాను. ఆయన కోసుకున్న వేలి వంక చూసుకున్నారు. "అనింటా. నిన్నొక్కణ్నే కాదు, శానామందిని అనింటా. రాకపోతే చెప్పేవాని తప్పని అప్పుడు తెలీలేదు" అన్నారు. మర్నాడు వస్తూ పదో తరగతి లెక్కల పుస్తకం కొని తెచ్చారు. "పొద్దున నువ్వు నాకు చెక్క చెప్పు, సాయంత్రం నేను నీకు లెక్క చెప్తా. ఎవరు ముందు నేర్చుకుంటారో చూస్తాం." మా ఒప్పందం ఆనాటిది.

ఆయన నేర్చుకునే తీరు చూడముచ్చట. ఓడ కట్టడం నాకూ తెలియదు కదా. సన్న పట్టీని వేడినీళ్లలో నానబెట్టి, ఆవిరి మీద మెల్లగా వంచితే విరగదని ఇద్దరం కలిసే కనుక్కున్నాం. తెరచాపల కోసం కరుణమ్మ గారి దగ్గర కుట్టుపని నేర్చుకున్నారు. ఆమె మూడుసార్లు విప్పించి కుట్టించింది. పాత పంచె గుడ్డకు గంజి పెట్టి, గాలికి ఉబ్బినట్టు ఆరబెట్టే ఉపాయం కూడా ఆమెదే. తాళ్ల ముళ్ల కోసం తుంగభద్ర ఒడ్డున వలలు అల్లేవాళ్ల పక్కన వారంపాటు కూర్చుని వచ్చారు. ప్రతి ఓడలోనూ తనకు రాని పని కనీసం ఒకటి ఉండాలని ఆయన నియమం. వచ్చిన పనే మళ్లీ చేస్తే అది కాపీ కొట్టడమే అనేవారు.

మొదటి ఓడను పత్తికొండ పాఠశాల వార్షికోత్సవంలో ప్రదర్శించారు. మూడు కొయ్య స్తంభాలు, పదకొండు తెరచాపలు, కొసన ఎర్రజెండా. అందరూ ఆహా ఓహో అంటుంటే నేనూ ఛాతీ విరుచుకుని పక్కన నిలబడ్డాను. అప్పుడు బందరు వైపు నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "సార్, తెరచాపలేమో ముందుకు ఉబ్బినాయి, అంటే గాలి వెనకనుంచి కొడతందన్నమాట. మరి జెండా వెనక్కెట్టా ఎగురుద్దండీ?" మేము పుట్టి పెరిగి చూసిన జెండాలన్నీ ఎన్నికల జీపుల మీదివే. జీపు ముందుకు పోతే జెండా వెనక్కే కదా ఎగిరేది! ఆ సంగతి తర్వాత ఇంట్లో సరిచేసుకోవచ్చు. కానీ సార్ అక్కడే పట్టకారు తెప్పించుకుని, పిల్లలందరి ముందు జెండా ఊడదీసి ముందుకు తిప్పి కట్టారు. మైకు తీసుకుని, "ఈ తప్పు నేను చేసినా. ఈ టీచరమ్మ దిద్దింది. మీరూ తప్పు చేయండి, దిద్దుకోండి" అన్నారు. ఒకప్పుడు తప్పు చేసిన పిల్లవాణ్ని బెంచీ ఎక్కించిన మనిషి ఆయన. ఆరోజు నాకు ఆయన మీద కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

నా చదువు మాత్రం ఆయన ఓడల్లా సాగలేదు. మా పేటలో చర్చివాళ్లు నడిపే వృత్తి శిక్షణ కేంద్రంలో వడ్రంగం బోధించాలని నాకు చిరకాల వాంఛ. చేతిలో పని ఉన్నా పదో తరగతి లేదని రెండుసార్లు తిప్పి పంపారు. సార్ ఇచ్చిన ధైర్యంతో ఓపెన్‌లో పరీక్షకు కట్టాను. మిగిలినవన్నీ గట్టెక్కాయి. లెక్కల్లో ఇరవై ఎనిమిది. సిగ్గుతో వారం రోజులు దుకాణం తలుపు తీయలేదు. ఎనిమిదో రోజు సార్ ఆటోలో తన రెండో ఓడను ఒళ్లో పెట్టుకుని మా ఇంటికే వచ్చారు. మే నెల ఎండకు దాని అడుగు నిలువునా పగిలిపోయింది. ఆరని చెక్క వాడొద్దని నేను చెప్పినా వినకుండా కట్టిన ఓడ అది. "ఇదీ ఫెయిలే చూడప్పా. నేను రేపు పొద్దున్నుంచి మళ్లీ మొదలుపెడతాండా. నువ్వేమి చేస్తాండావు?" అని అడిగారు. ఒక ఎండాకాలం గడిచిన చెక్కను వెతికి ఇచ్చాను. ఆ సాయంత్రమే మళ్లీ పుస్తకం తీశాను.

ఈసారి ఫలితాలు వచ్చేసరికి ఆయన గుండెజబ్బుతో ఆసుపత్రిలో ఉన్నారు. సోమవారం సాయంత్రం పరుగున వెళ్లాను. కరుణమ్మ గారు దిండు ఎత్తు చేసి ఆయన్ను కూర్చోబెట్టారు.

"ఎన్ని?" అన్నారు.

"నలభై ఒకటి సార్. పాసైనా."

ఆయన కళ్లు తళుక్కుమన్నాయి. కానీ శభాష్ అనలేదు. "మార్కులు పోయిన లెక్క ఏదప్పా?" అని అడిగారు.

"శంకువు ఘనపరిమాణం సార్. మూడో వంతు వేయడం మరిచిపోయినా."

"మరిచిపోలేదు. ఎందుకేయాలో నీకు తెలీదు" అన్నారు. నిజమే, తెలియదు. కాస్త ఆలోచించి, చేతులు కట్టుకుని, "ఇప్పుడు నేను విద్యార్థిని. నాకేమీ రాదు. నువ్వు కనుక్కుని నాకు చెప్పు" అన్నారు.

అడుగూ మూతీ ఒకే వెడల్పున్న, మందు కొలిచే చిన్న గ్లాసు అక్కడుంది. అదే మూతి, అదే లోతు వచ్చేలా కాగితంతో శంకువు చుట్టాను. కంటి కొలత మా కులవిద్య. గ్లూకోజ్ పొడి శంకువు నిండా తీసి గ్లాసులో పోశాను. నిండలేదు. రెండోసారి పోశాను. నిండలేదు. మూడోసారికి సరిగ్గా అంచుదాకా వచ్చింది. "గ్లూకోజంతా ఒలకబోస్తాండారు కదప్పా, గురువూ శిష్యుడూ!" అని కరుణమ్మ గారు కసురుకున్నారు. నేను ఆమెను పట్టించుకోకుండా, మూడు శంకువులైతే ఒక గ్లాసు అయింది, కాబట్టి ఒక శంకువు అందులో మూడో వంతు అని మొదటి నుంచి చివరి దాకా విడమరిచి చెప్పాను. నా జీవితంలో నేను చెప్పిన మొదటి పాఠం అది.

సార్ గ్లాసు వంకా నా వంకా చూసి, బడిపిల్లవాడిలా తల ఊపారు.

"అర్థమైంది సార్" అన్నారు.

పదో తరగతి గట్టెక్కానని శిక్షణ కేంద్రంవాళ్లు నన్ను తీసుకున్నారు. వచ్చే నెల నుంచి అక్కడ ఆ మాట నేను పిల్లల నోట రోజూ వింటాను. ఆయన నోట ఒక్కసారే విన్నాను. ఇక వినలేను.