అమ్మ వేవిళ్ళు... ఎదురింటి ఇటలీ ఆంటీ

మా చిన్నప్పుడు గల్ఫ్‌లో, సాల్మియా అనే ఊళ్ళో ఎదురు ఫ్లాట్ తలుపు తెరుచుకుందంటే చాలు... మా అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బాత్‌రూమ్‌లోకి పరిగెత్తేది.

ఎదురింట్లో ఇటలీ వాళ్ళుండేవారు. ఫ్రాంకా ఆంటీ, వాళ్ళాయన. ఆయన మా నాన్న కంపెనీలోనే ఇంజనీరు, నాన్న డ్రాఫ్ట్స్‌మన్. ఆంటీది జెనోవా అని సముద్రం ఒడ్డు ఊరు. ఆయనది వెనిస్ వైపు. ఎవరి ఊరి వంట గొప్పదని ఇద్దరూ వాదించుకుంటుంటే మా హాల్లోకి వినిపించేది... గోదావరి వాళ్ళూ గుంటూరు వాళ్ళూ ఆవకాయ దగ్గర పేచీ పడ్డట్టే!

డెబ్బైల చివర్లో సంగతి. నేను మూడో క్లాసు. అమ్మకి వేవిళ్ళు. మామూలువి కావు. అన్నం ఉడికే వాసన పడదు, తాలింపు పడదు, మంచినీళ్ళు కూడా కడుపులో నిలిచేవి కావు. అంతకుముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది... అందుకని ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు.

"ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చాల్సిందే," అంది డాక్టరమ్మ. ఆ సాయంత్రం నాన్న మంచం పక్కన కూర్చుని...

"ఇంక లాభం లేదే. పాపని తీసుకుని మీ అమ్మ దగ్గరకి ఎల్లిపో."

"ఎల్తే మళ్ళీ రానిస్తారంటండీ? ఇక్కడ ఉండనిచ్చే ఈ ఇఖామా కాయితం కోసం ఎంత తిరిగేం మనం... ఎలాగోలాగ తింటాను లెండి."

అంది గానీ, ఎలా తింటుంది? చేతులు చిక్కిపోయి గాజులు మోచేతి దాకా జారేవి. నాకు భయమేసేది. బడి నుంచి రాగానే ముందు అమ్మ పడుకున్న గదిలోకే వెళ్ళేదాన్ని.

ఫ్రాంకా ఆంటీకి సంగతి తెలిసింది. ఇంక రోజూ ఓ పళ్ళెం! మొదటిసారి బియ్యం, పచ్చిబఠాణీలు కలిపి జారుగా వండిన 'రిజీ ఎ బీజీ'... వాళ్ళాయన ఊరిదట. పైన చీజ్ వాసనకే అమ్మ పరుగు. తర్వాత మొక్కజొన్న పిండితో 'పొలెంత'... అచ్చం సంకటి. అమ్మ రెండు చెంచాలు తింది. అవీ బయటికొచ్చాయి.

"మాంజా, మాంజా," అని ఆంటీ బతిమాలేది. నాకు మాంజా అంటే గాలిపటం దారమే. వాళ్ళ భాషలో 'తిను' అనట! ఆ పళ్ళేలన్నీ చివరికి నేనే ఖాళీ చేసేదాన్ని.

"పాపం, ఆవిడ నొచ్చుకుంటుందే పద్దూ. ఇంక తేవద్దని మెల్లిగా చెప్పు," అంది అమ్మ.

నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. "ఆంటీ, నో చీజ్. నో స్మెల్. మమ్మీ క్రయింగ్."

ఆంటీ నా మొహంలోకి చూసింది. వెనక్కి వెళ్తుందనుకుంటే... తిన్నగా మా వంటింట్లోకి వచ్చేసింది! డబ్బాలు ఒక్కొక్కటీ మూత తీసి వాసన చూసింది. కారం దగ్గర తుమ్మింది. శనగపిండి చిటికెడు నాలుక మీద వేసుకుని, "చేచీ! చేచీ!" అంటూ నన్ను పట్టుకుని ఊపేసింది. చేచీ అంటే శనగలట. డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు గురువారం. అక్కడ గురు, శుక్రవారాలే సెలవులు, బడి లేదు. ఆంటీ వంటింట్లోనే ఉన్నాను. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె... అంతే. జారుగా కలిపి పొద్దున్నే పెట్టేసింది. మధ్యాహ్నానికి పైకి తేలిన నురగ తీసేసి, వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పోసి ఓవెన్‌లో పెట్టింది. అంచులు కరకరలాడుతూ, లోపల మెత్తగా... పైన మిరియాలపొడి. అట్టు కాదు, రొట్టె కాదు. 'ఫరినాత' అట. జెనోవా వాళ్ళది.

ఆ పళ్ళెం మా ఇంటికి తెస్తే, అమ్మ చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నేను అమ్మ గొంతు వంకే చూస్తున్నాను... ఆంటీ గుండెల మీద సిలువ గీసుకుంది. అమ్మ లేవలేదు. ఇంకో ముక్క తింది. అప్పుడూ లేవలేదు.

"ఇది మన శనగపిండేనటే? ఇంకోటి ఉందేమో అడుగు..."

సరిగ్గా అప్పుడే నాన్న వచ్చాడు. "టిక్కెట్లకి చెప్పొచ్చేను..." అంటూ గుమ్మంలో ఆగిపోయాడు. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని తింటోంది. నాన్న బూట్లయినా విప్పకుండా అక్కడే కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు.

"ఖలాస్! టిక్కెట్లూ లేవు, ఏమీ లేవు. వద్దని చెప్పేస్తాను."

"ముందు ఆవిణ్ణి కూర్చోమనండి. పొద్దుట్నుంచీ నిలబడే ఉంది," అంది అమ్మ.

ఆ రోజు నేను అన్నం తినకుండానే హాయిగా నిద్రపోయాను... గుండె మీంచి బరువు దిగిపోయింది. కొన్ని వారాలు ఫరినాతే అమ్మకి అన్నం. తర్వాత మెల్లిగా చారన్నం. తమ్ముడు అక్కడే పుట్టాడు... బొద్దుగా, గుక్క తిప్పుకోకుండా ఏడుస్తూ. వాడి మొదటి ఏడుపు వినగానే నాన్న వెళ్ళి డాక్టరమ్మకి దణ్ణం పెట్టేశాడు. ఎనభైల మధ్యలో ఆంటీ వాళ్ళు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు.

ఇప్పుడు మా స్నేహితులు ఇటలీ టూర్లకి వెళ్తూ, "అక్కడ ఏం తినాలే?" అని అడుగుతారు. పిజ్జా మన వీధి చివరే దొరుకుతోంది కదా... జెనోవా పాత సందుల్లో కట్టెల పొయ్యి ఉన్న కొట్టు వెతుక్కుని ఫరినాత తినండి, వేడిగా ఉండగానే. వెనిస్‌కి లేత బఠాణీల కాలంలో వెళ్తే రిజీ ఎ బీజీ అడగండి. చలికాలం ఉత్తరం వైపు వెళ్తే పొలెంత... ఒక్కో ఊరికీ ఒక్కో వంట, ఆ ఊళ్ళోనే దాని రుచి.

ఈ రోజుల్లో ఫోన్‌లో నొక్కితే ఏ దేశం వంటైనా అరగంటలో గుమ్మం ముందుంటుంది. ఎదురింటి వాళ్ళ పేరు మాత్రం నాకు తెలియదు... నా పేరు వాళ్ళకీ తెలియదు.

మీ ఇంట్లో పొయ్యి వెలగని రోజున, ఏ పరాయి ఇంటి వంట మిమ్మల్ని నిలబెట్టిందో... చెప్పరూ?