రోజుకోమాట గారి దగ్గర డేటా బైండింగ్

ఆయనకున్న గుణం ఒక్కటే: నిన్న చెప్పిన మాట మీద ఈరోజు నిలబడరు. ఫ్యాను వెయ్యమంటారు, వేస్తే ఇంత చలిలో ఫ్యానెందుకని విసుక్కుంటారు. ఆఫీసంతా ఆయన్ని రోజుకోమాట గారనే పిలుస్తుంది. మొహం మీదే పిలిచినా పలుకుతారు, పాపం.

పని నేర్చుకోవడానికి అలాంటి సీనియరు చేతిలో పడింది కొత్తమ్మాయి. శుక్రవారం మేనేజరుకు పని చూపించాలి. నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, నచ్చకపోతే ఇంటికే. పని వినడానికి చిన్నదే, మహా అయితే రెండు రోజులది. అవతలి కంపెనీ ఎక్స్‌ఎంఎల్‌ అనే గుర్తుల భాషలో పంపే ఆర్డర్లను విప్పి, మన జావా ప్రోగ్రాం వాడుకునే ఆబ్జెక్టుల్లోకి సర్దాలి. దాన్నే డేటా బైండింగ్ అంటారు. సర్దడానికి దారులు నాలుగున్నాయి. ఏ దారిన పోవాలో తెలిస్తేగా!

సోమవారం మధ్యాహ్నం వెళ్లి ఆయన్నే అడిగింది. ఆ ఆబ్జెక్టుల అచ్చులు, అదే క్లాసులు, నువ్వెందుకు రాస్తావమ్మా, ఆర్డరులో ఏమేం ఉంటాయో చెప్పే స్కీమా ఇస్తే టూలే రాసిపెడుతుంది అన్నారు. హమ్మయ్య అనుకుని, సాయంత్రానికల్లా నూటపదహారు క్లాసులు పుట్టించింది.

మంగళవారం ఆయన వాటిని చూసి అదిరిపడ్డారు.

"ఇదేంటమ్మా, పెళ్లివారిలా ఇంతమంది? ఎవరు చెప్పారు నీకు?"

"మీరేనండి, నిన్న."

"నేను చెబితే మాత్రం వినేయడమేనా? కావాల్సిన నాలుగు క్లాసులూ చేత్తో రాసి, పైన ఏది ఎక్కడికో చెప్పే యానొటేషన్లు తగిలించు."

తగిలించింది. బుధవారం, క్లాసుల నెత్తిన ఈ చీటీలేమిటని మొహం చిట్లించారు. అవన్నీ పీకేసి, ఏది ఎందులోకి పోవాలో విడిగా మ్యాపింగ్ ఫైల్లో రాయమన్నారు. గురువారం ఆ ఫైలు చూసి, ఇంత అవస్థ పడేబదులు బైండింగే మానేసి ఎక్స్‌ఎంఎల్‌ను నేరుగా చదువుకోవచ్చుగా అన్నారు. ఎవరు చెప్పారని ఆయన నోరు తెరిచేలోపే ఆమె "మీరేనండి" అనేసింది.

ఆ సాయంత్రానికి ఆమెకు దిమ్మ తిరిగిపోయింది. కంప్యూటర్లో నాలుగు ప్రోగ్రాములున్నాయి, బుర్రలో ఒక్క నిర్ణయమూ లేదు. ఈ పెద్దమనిషి నా ఉద్యోగం ఊడగొట్టేదాకా ఊరుకోడని అమ్మకు ఫోన్ చేసి, ఏడ్చినంత పని చేసింది.

శుక్రవారం మేనేజరు ఏం ఎంచుకున్నావని అడిగాడు. టూలు రాసిన క్లాసులేనని చెప్పింది. చేత్తో రాస్తే ఏం పోయిందన్నాడు.

"అవతలివాళ్లు నెలనెలా స్కీమా మారుస్తారండి. చేత్తో రాస్తే ప్రతిసారీ మనమే వెతికి మార్చాలి, టూలైతే తనే మళ్లీ రాసిస్తుంది. మంగళవారం నేను ఒక్క ఫీల్డు మరిచిపోతే ఆర్డర్లలో చిరునామాలన్నీ మాయమయ్యాయి."

మ్యాపింగ్ ఫైలు సంగతేమిటన్నాడు. అందులో పేరు తప్పు రాస్తే ప్రోగ్రాం నడిపేదాకా బయటపడదంది. నేరుగా చదవడం మరీ పెద్ద ఫైళ్లకు మంచిదని, మనకొచ్చే ఆర్డర్లు చిన్నవని చెప్పింది. ఎక్కణ్ణుంచి తన్నుకొస్తున్నాయో గాని, అడిగినదానికల్లా జవాబుంది. ఆమెకే నమ్మకం కలగలేదు.

మేనేజరు పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టేశాడు. రెండు రోజుల పనికి ఐదు రోజులు పట్టినందుకు సంజాయిషీ ఇదిగో అంటూ ఇంకో కాగితం ఆమె ముందుకు తోశాడు. అది రోజుకోమాట గారి చేతిరాత.

"ఆలస్యానికి బాధ్యత నాది. రోజుకో మాట చెప్పి అమ్మాయిని తిప్పాను. నాలుగూ తనే చేసి చూస్తేగాని పని పట్టుబడదు. తనను ఏమీ అనొద్దు."

ఆమె దాన్ని మళ్లీ మొదటినుంచి చదివింది. అప్పుడు కంటపడింది తారీఖు: సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర. అప్పటికి ఆయన ఆమెను ఇంకా తిప్పడం మొదలుపెట్టనేలేదు. మేనేజరు ఎదురుగా ఉన్నాడని కూడా చూడకుండా పకపకా నవ్వేసింది.