నలభై ఒకటో బొమ్మలో మచ్చ

ఇనుప గనుల లైను పక్కన రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లకు ఒక అలవాటుంటుంది. కంప్యూటర్ తెర మీద చుక్క కనిపిస్తే ముందు చున్నీతో తుడుస్తాం. ఆ చుక్కనూ మూడుసార్లు తుడిచాను. పోలేదు. అది ఖనిజం దుమ్ము కాదు.

అప్పుడు జగదల్‌పూర్‌లో నాది ఎమ్మెస్సీ చివరి ఏడు. ఆకాశంలో ఒకే చోటిని వేర్వేరు రేడియో పౌనఃపున్యాల్లో తీసిన బొమ్మలను దొంతరగా పేర్చిన డేటా క్యూబ్‌ను చూస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్ జరుపుతూ ఒక్కో పొరా దాటాలి. యంత్రం పుట్టించే ఉత్తుత్తి చుక్క, అంటే నాయిస్, ఒక పొరలో మెరిసి తర్వాతి పొరలో మాయమైపోతుంది. నా మచ్చ నలభై ఒకటో బొమ్మలో పుట్టి, రవ్వంత రవ్వంత పక్కకు జరుగుతూ నలభై ఏడు దాకా నిలబడింది. అంటే నిజంగా కదిలే వాయుమేఘం. అది నా పేరు మీద నిలిస్తే పరిశోధన సీటు వస్తుందని నా ఆశ.

బొమ్మలోనే దాని పక్కన మౌస్‌తో ఒక గుర్తు గీశాను: ఇంటూ, కింద అడ్డగీత. కీమ్యాన్‌గా రోజూ పట్టాల వెంట నడిచే నాన్న, అనుమానమున్న చోట సుద్దతో వేసే గుర్తది. నా కళ్లతో చూశాను, రేపు మళ్లీ చూడాలి అని దానర్థం.

ఆ బొమ్మలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి మా గైడ్ సార్‌కిచ్చాను. సీటు దరఖాస్తు మీద సంతకం పెట్టవలసిందీ ఆయనే. డిపార్ట్‌మెంట్‌లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. అందుకే నమ్మాను. అదే నా బుద్ధితక్కువ.

"ఏందమ్మా ఇది, ఉత్త నాయిస్. పక్కన పెట్టు," అన్నారు వారం తర్వాత.

పెట్టాను. రెండు నెలలకు సెమినార్‌లో అదే బొమ్మ గోడంత తెర మీద పడింది. కింద ఆయన పేరొక్కటే. మచ్చ పక్కన నాన్న గుర్తు అలాగే ఉంది. అదేమిటని ఎవరో హిందీలో అడిగితే, సాఫ్ట్‌వేరే వేస్తుందన్నారు సార్, తడుముకోకుండా. మూడో వరుసలో కూర్చుని ఆ తెరను ఫోన్‌లో ఫొటో తీశాను. లేచి అది నాదని మాత్రం అనలేదు. అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆ ఫొటో ఇంటికెళ్లి నాన్నకు చూపించాను. ఆకాశం సంగతేమీ అడగలేదాయన. గుర్తు మీద వేలు పెట్టారు.

"ఇది మన గుర్తు కదేటమ్మా?"

"అవును నాన్నా. బొమ్మ తనదంటున్నాడు మా సార్."

"అయితే ఈ గుర్తుకి అర్థమేటని అడగవలసింది తల్లీ. నడిసినోడికే తెలుస్తాది."

మర్నాడు సార్ గదికెళ్లి అదే అడిగాను. ఆయన సొరుగు తెరిచారు. సంతకానికిచ్చిన నా సీటు దరఖాస్తును సంతకం లేకుండానే నా వైపు జరిపారు.