గుండె ఎత్తుకెళ్ళిన మాస్టారు

ఫాలానికో మాస్టారికి చూపించకుండా చెప్పడం చేతకాదు. సవాయి ద్వీపంలోని ఆ పల్లెబడిలో జీవశాస్త్రం చెప్పే ఆయనకు, పుస్తకంలో ఎంత చక్కని బొమ్మ ఉన్నా సరే, అసలు వస్తువు చేతిలో ఉండాల్సిందే. అది ఎవరి సొత్తన్నది ఆయనకు అనవసరం. దీంతో హెడ్‌మిస్ట్రెస్ లోసాకు రోజుకో హడలు. ఆవిడ "ఓరి దేవుడో!" అని గుండెల మీద చెయ్యి వేసుకోవడమే తడవు, ఆయన రెండో చెయ్యి అందుకుని నాడి చూసేవాడు.

"నూటపన్నెండు! చూశారా పిల్లలూ? హడలిపోతే గుండె ఇలా పరిగెడుతుంది."

"ముందు చెయ్యి వదలండి మాస్టారూ!"

ఎండ తగలని చోట ఆకు పిండిపదార్థం తయారుచేయదని చూపించడానికి ఒకసారి పాస్టరు గారి సీమపనస చెట్టు ఆకులకు నల్లగుడ్డ పట్టీలు కట్టాడు. ఆ ఊళ్ళో చెట్టుకు ఏదైనా కట్టి ఉంటే ముట్టకూడదని అర్థం. ముట్టినవాడికి ఒళ్ళంతా కురుపులు లేస్తాయి. పాస్టరు గారితో సహా తొమ్మిది రోజులు ఎవరూ ఆ చెట్టు ఛాయలకు పోలేదు. కాయలు పండి ధబీధబీమని ఆయన ఇంటికప్పు మీదే రాలాయి.

"ఓరి దేవుడో! అవి కట్టింది మీరా? పాస్టరమ్మగారు సొంత చెట్టు కాయ కోసుకోలేక ఏడుస్తోంది!"

"అయితే ఆకులు ఎవరూ ముట్టలేదన్నమాట. భేష్!"

ఇదంతా ఒక ఎత్తు, కొత్త చర్చి విందు ఒక ఎత్తు. అక్కడ పందిని కోస్తే ఏ భాగం ఎవరికన్నది తాతల నాటి కట్టుబాటు. గుండె మాత్రం సభల్లో ఊరి తరఫున మాట్లాడే పెద్ద వాయిలీకే. ఆ శనివారం పొద్దున్నే పందిని కోశారు. చూస్తే గుండె లేదు!

"మాస్టారు అరిటాకులో చుట్టుకుని ఒకటే పరుగమ్మా!" అన్నారు వంటవాళ్ళు.

"ఓరి దేవుడో!" అంది లోసా. ఈసారి నాడి చూసే నాథుడు లేడు. మాస్టారిని ఊళ్ళోంచి వెళ్ళగొడతారేమోనని ఆవిడ ఆయన్ను వెతుక్కుంటూ బయల్దేరింది.

మధ్యాహ్నానికి వాయిలీ ఇంటి ముందు మరో వింత. ఘోరమైన తప్పు చేసినవాడు మేలైన చాప కప్పుకుని బాధితుడి గుమ్మం ముందు కూర్చోవాలి. అవతలివాళ్ళు చాప ఎత్తితే క్షమించినట్టు. హత్యలకు చేసే ఆ పని మాస్టారు పంది గుండెకు చేస్తున్నాడు! పైగా చాప కింద రెండు మూపురాలు.

"రెండోవాళ్ళెవరు?" వాయిలీ ఉరిమాడు.

"నేనే నాయనా, ఆసెనాతిని."

లోసా నోరు తెరిచేసింది. ఆసెనాతి మనవరాలు సులియేటి తొమ్మిదో తరగతి. కీళ్ళజ్వరం వచ్చి గుండెలో కవాటం పాడైంది, సోమవారంలోగా ముసలమ్మ కాగితం మీద వేలిముద్ర వేస్తే ఆక్లండ్‌లో ఆపరేషన్ చేస్తామన్నారు డాక్టర్లు. దేవుడిచ్చిన గుండెను కోస్తారా అని ముసలమ్మ వాళ్ళను చీపురుతో తరిమింది. పిల్ల మాత్రం నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోంది.

"గుండె కోసి నా చేతిలో పెట్టాడు నాయనా! అందులో తలుపులున్నాయి. నీళ్ళు పోస్తే టక్కున మూసుకున్నాయి. తలుపు చివర కత్తిరించి పోస్తే నీళ్ళన్నీ వెనక్కొచ్చేశాయి. మా పిల్లది అలాగే ఉందట. ఇంటి తలుపు పాడైతే బాగుచేయించనూ? వేలిముద్ర వేసేశాను. తిడితే నన్నూ తిట్టు."

వాయిలీ చాప ఎత్తాడు. కింద మాస్టారు ముసలమ్మ నాడి పట్టుకుని లెక్కపెడుతున్నాడు.

"అడిగితే ఇవ్వనా మాస్టారూ?"

"అడిగితే మీరు ఉపన్యాసం మొదలుపెడతారు పెద్దయ్యా. ఈలోగా గుండె ఎండిపోదూ?"

ఇన్నాళ్ళూ ఈ మనిషినా తిట్టింది అని లోసాకు సిగ్గేసింది.

నాలుగు నెలలకు సులియేటి బడి మెట్లు పరుగున ఎక్కింది. ఊరు విందు చేసింది. వాయిలీ గంటసేపు మాట్లాడి, తన వాటా గుండెను అరిటాకులో పెట్టి అందరి ముందూ మాస్టారి చేతికిచ్చాడు. మాస్టారు ఆబగా ఆకు విప్పాడు.

"ఓరి దేవుడో! వండేశారా?"

లోసా చటుక్కున ఆయన చెయ్యి అందుకుంది.

"నూటపన్నెండు! చూశారా పిల్లలూ?"